పందిరి కట్టెలు

ఈ వయసులో మళ్ళీ కట్టెలు కొట్టాల్సి వస్తుందని నేను అనుకోలేదు. రంగూన్‌లో ఈ తామ్వే పేటలో మూడో అంతస్తు వరండా అంటే ఎంతని, కాళ్ళు చాపుకుంటే గోడకు తగులుతాయి. ఒక మూల నీళ్ళ డ్రమ్ము, ఒక మూల తులసి కుండీ, నెత్తి మీద ఆరని బట్టలు. మిగిలిన జాగాలో నేను, ఒక మొండికత్తి, ఒక విరిగిన ప్యాలెట్టు. ఫ్యాక్టరీల్లో సరుకు పెట్టెల కింద వేసే చెక్క బల్లను అలా అంటారట. మనవరాలి మొగుడు ఊరి చివర లైంగ్‌థార్యార్‌లో బట్టల ఫ్యాక్టరీలో పని చేస్తాడు. విరిగిన ప్యాలెట్లు అక్కడ గేటు బయట పారేస్తారు. అతను షిఫ్టు దిగగానే నాలుగు చెక్కలు ఊడబెరికి, గోనెసంచిలో కట్టి, కిక్కిరిసిన బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెస్తాడు. బర్మా పిల్లవాడు, తెలుగు రాదు. మెట్లన్నీ ఎక్కి వచ్చి సంచి నా ముందు దించి, "ఫ్వాఫ్వా, ఈ రోజు ఇంతే" అని వాళ్ళ భాషలో చెప్పి గోడకు కూలబడతాడు. ఫ్వాఫ్వా అంటే అమ్మమ్మ.

మనవరాలు పురుడు పోసుకుని తొమ్మిది రోజులైంది. బాలింతకు రోజూ వేడినీళ్ళు పడాలి. ఇంట్లో కరెంటు పొయ్యి ఉంది, కరెంటు కెటిల్ ఉంది, అన్నం వండే కుక్కర్ ఉంది. లేనిదల్లా కరెంటే. అది వచ్చినప్పుడు వీధి వీధంతా "మీలాబీ" అని కేక పెడుతుంది. దీపాలొచ్చాయని ఆ కేకకు అర్థం. కేక వినబడిందో లేదో ప్రతి ఇంట్లోనూ మోటారు, కుక్కర్, ఫోన్లు ఒక్కసారే తగిలిస్తారు. ఆ దెబ్బకు మళ్ళీ పోతుంది. గ్యాసు దొరకడం గగనమైపోయింది. బొగ్గులు కొందామంటే మొన్నటి బస్తా అడుగున సగం మట్టి, పైన సగం తడి. అందుకని ఈ చెక్కలే గతి.

నిన్న సాయంత్రం నా నడుం పట్టేసింది. ఇంక చాలించమ్మా, ఆసుపత్రిలో గోరువెచ్చని నీళ్ళతో తుడుచుకున్నా చాలన్నారు కదా అంది మా అమ్మాయి. నిజమే, చాలిద్దామనే అనుకున్నాను. ఒళ్ళు అలిసింది. దానికంటే ముందు మనసు అలిసింది, అది ఎప్పుడో. కానీ ఈ పొద్దున సంచిలోంచి తీసిన చెక్కకు ఒక గాడి ఉంది, వేలు పట్టేంత వెడల్పు, శ్రద్ధగా చెక్కిన గాడి. దాని మీద వేలు పెట్టగానే చేతిలో కత్తి ఆగిపోయింది. అలాంటి గాళ్ళున్న కట్టెల్ని నేను చిన్నప్పుడొకసారి ఇంటికి మోసుకొచ్చాను.

మేము అప్పుడు నది ఒడ్డున కలప కోసే మిల్లు పక్క లైనులో ఉండేవాళ్ళం. లైను అంటే ఒకే రేకుల కప్పు కింద వరసగా కట్టిన గదులు. గదికొక సంసారం. ఇటు చివరి నుంచి అటు చివరికి తెలుగువాళ్ళే. ఎవరింట్లో ఏం వేగుతోందో ముక్కే చెప్పేది. ఈ గదిలో ఎండు నెత్తళ్ళు, ఆ గదిలో ఉలవచారు, చివరి గదిలో కోడలు బర్మా పిల్ల కాబట్టి ఙపి. ఆ చేపముద్ద వాసనకు మొదట్లో మా వాళ్ళంతా ముక్కులు మూసుకున్నారు గాని, ఏడాది తిరిగేసరికి ప్రతి ఇంటి పచ్చట్లోనూ అది రహస్యంగా చేరింది. వీటన్నిటి మీదా టేకు వాసన ఉండేది. దుంగలు తెప్పలుగా కట్టి నది మీద వచ్చేవి. మా నాన్న రంపం దగ్గర పని. ఇంటికొచ్చేసరికి కనుబొమల మీద కూడా పొట్టు పేరుకుని ఉండేది. నేను ఊదితే ఎగిరేది. దానికి ఆయన కళ్ళు మూసుకుని నవ్వేవాడు.

లైనులో ఎవరూ కట్టెలు కొనేవారు కాదు. దుంగ కోసేటప్పుడు పక్కలకు పోయే పెచ్చులు, బెరడు, రంపపు పొట్టు అన్నీ పనివాళ్ళవే. వారాంతానికి తలా ఒక మోపు. మా ఇంట్లో రెండు పొయ్యిలుండేవి. పొట్టు దట్టించి వెలిగించే పొట్టుపొయ్యి పప్పుకూ పులుసుకూ. పెచ్చుల పొయ్యి అన్నానికీ నీళ్ళకూ. ఏ పొయ్యిలో ఏం పెట్టాలో చెప్పే అధికారం మాత్రం మా నాయనమ్మది. ఆమె నాన్న తల్లి. భీమిలి దగ్గర ఏదో పల్లె నుంచి పెళ్ళికూతురుగా ఓడెక్కి వచ్చింది. నేను పుట్టేనాటికే భర్త పోయాడు. కట్టెను చేత్తో పట్టుకుని బరువు చూసి, గోటితో గీరి, వాసన చూసి గానీ పొయ్యిలో పెట్టేది కాదు.

"టేకు పెచ్చు మీ తాతలాటిదే. గప్పున లేస్తాది, గప్పున సల్లారిపోతాది. నీలు కాగాలంటే సింతో సరుగుడో ఉండాల" అనేది.

నిప్పు దగ్గర నా దొంగతనాలు నాకుండేవి. చిలగడదుంపను ఎవరూ చూడకుండా బూడిదలో కప్పెట్టడం, వేరుశెనక్కాయలు కొంగున కట్టుకొచ్చి నివురు మీద చల్లడం. నాయనమ్మకు తెలియనిదేమీ కాదు. నేను తీసేలోపు తనే కర్రతో దొర్లించి, బాగా కాలాక, "ఇక్కడెవులో దుంప పారేసినారే" అని నా చేతిలో పెట్టేది. ఆమెతో నాకున్న చనువంతా ఆ పొయ్యి ముందే.

నేను ఆ కట్టెలు మోసుకొచ్చిన ఏడు మిల్లు చేతులు మారింది. గేటు దగ్గర కాపలా పెట్టారు. పెచ్చులు ఇక బయటికి పోకూడదన్నారు. నాన్నతో పాటు పనిచేసే కొందరు పంచెల్లో చుట్టి తెచ్చేవారు. నాన్న అలాంటి పని చచ్చినా చెయ్యడు. ఆయన నిజాయితీని నాయనమ్మ రోజూ పొయ్యి ముందు కూర్చుని తిట్టేది. అదే ఏడు లైనులో సగం గదులు ఖాళీ అయ్యాయి. పెట్టెలు సర్దుకుని వాళ్ళంతా ఓడెక్కి ఇండియాకు వెళ్ళిపోయారు. వెళుతూ వెళుతూ మంచాలు, పీటలు, పిల్లల ఉయ్యాల కర్రలు మాకు వదిలేశారు. కొన్నాళ్ళు వాటినే కాల్చాం. నాతో గచ్చకాయలాడిన పిల్ల మంచంకోళ్ళు మా పొయ్యిలో మండుతుంటే నేను అటు చూడకుండా అన్నం తినేదాన్ని. తర్వాత అవీ అయిపోయాయి. వానలు మొదలయ్యాయి. అమ్మకు నెలలు నిండాయి.

రంగూన్ వాన గురించి ఇక్కడివాళ్ళకు చెప్పక్కర్లేదు. పట్టిందంటే వదలదు. గోడలు చెమరుస్తాయి, ఉప్పు నీరవుతుంది, అగ్గిపెట్టె పనికిరాదు. అలాంటి వానలో మా తమ్ముడు పుట్టాడు. ఈ ఊళ్ళో ఇల్లు వెచ్చబెట్టుకోవడమనేది ఎవరికీ అవసరం రాదు, ఒక్క బాలింత ఉన్న ఇంటికి తప్ప. మాలో పురిటి గదిలో కుంపటి ఆరకూడదు. పదకొండు రోజులు మంచం పక్కన నిప్పులుండాలి, వాటి మీద వాము, సాంబ్రాణి పడుతుండాలి, పొద్దునా సాయంత్రం డేకిసా నిండా నీళ్ళు కాచి బాలింతకు కుమ్మరించాలి. పురుడు పోసిన మంత్రసాని బర్మా ఆవిడ. వాళ్ళలోనూ బాలింతను నిప్పు పక్కన కూర్చోబెట్టే ఆచారమే. నాయనమ్మకూ ఆమెకూ ఒకరి మాట ఒకరికి సగమే అర్థమయ్యేది గానీ, ఈ ఒక్క విషయంలో ఇద్దరిదీ ఒకే మాట.

నాలుగో రోజున అమ్మకు వణుకుజ్వరం వచ్చింది. ఉన్న దుప్పట్లన్నీ కప్పినా పళ్ళు కొట్టుకునే చప్పుడు గది బయటికి వినబడేది. మంత్రసాని వచ్చి కడుపు నొక్కి చూసి, ఏవో వేర్లు నూరి తాగించి, ఒంట్లోకి చలి దిగింది, వేడి తగ్గనిచ్చారా మనిషి దక్కదని చెప్పి వెళ్ళింది. దాచి ఉంచిన బొగ్గు రెండు రోజుల్లో అయిపోయింది. నాన్న మిల్లు దొరను అడగడానికి వెళ్ళి గేటు దగ్గరే తిరిగొచ్చాడు. ఆ సాయంత్రం నాయనమ్మ రోకలి పగలగొట్టి పొయ్యిలో పెట్టింది. ఆమె ఏడవడం నేను చూడలేదు గానీ రోకలి కాలుతుంటే చూస్తూ నోట్లో కొంగు కుక్కుకుంది.

మరునాడు నేనే బయల్దేరాను. నాకు పదేళ్ళు ఉంటాయేమో. నాయనమ్మకు మోకాలు వాచింది, నాన్న మిల్లులో ఉన్నాడు. రైలు కట్ట వెంట వెతికాను, నాచు పట్టిన స్లీపరు ముక్క ఒకటి కదిపితే కదల్లేదు. బజారులో చేపల పెట్టెల చెక్కలడిగితే వాటిని అప్పటికే ఎవరో పట్టుకుపోయారన్నారు. నది ఒడ్డున కొట్టుకొచ్చిన కొమ్మలు బోలెడు, పిండితే నీళ్ళు కారేవే అన్నీ. తిరిగి తిరిగి ఎప్పుడూ వెళ్ళని వైపు వెళ్ళాను. చిన్న వంతెన, కాలువ, దాని పక్కన ఇటుక గోడ. గోడకు చిన్న తలుపు. లోపల ఒక రేకుల సావిడి, సావిడిలో పొడిగా పేర్చిన కట్టెలు.

ఒక పక్క గోడకు వెదుళ్ళు చేర్చి ఉన్నాయి. రెండు పొడుగువి, మిగతావి పొట్టివి. పొడుగు వాటికి వరసగా గాళ్ళు చెక్కి ఉన్నాయి. అన్నిటికీ పసుపు. అక్కడక్కడ కుంకుమ. ఒక తాడు ముడిలో ఎండిన బంతిపువ్వు ఇంకా ఇరుక్కుని ఉంది. నాకు ప్రాణం లేచి వచ్చింది. మా లైనులో పెళ్ళయితే పసుపు రాసిన రాటలతో పందిరి వేసేవారు. పదహార్రోజుల పండగయ్యాక విప్పేస్తే ఆ కర్రముక్కల కోసం పిల్లలం కొట్టుకునేవాళ్ళం. ఎవరి పెళ్ళి పందిరో తెచ్చి ఇక్కడ పెట్టారు, అనుకున్నాను.

సావిడిలో ఒక ముసలాయన బీడీ కాలుస్తూ కూర్చుని ఉన్నాడు. ఒంటి మీద లుంగీ తప్ప ఏమీ లేదు. ఆడపిల్ల అక్కడికి రావడం ఎప్పుడూ చూడలేదన్నట్టు నన్ను తేరిపార చూశాడు. ఏం కావాలని తెలుగులోనే అడిగాడు. మా అమ్మ బాలింత అనీ, జ్వరమనీ, నీళ్ళు కాచడానికి కట్టెల్లేవనీ గుక్క తిప్పుకోకుండా చెప్పాను. చెప్పి, ఆ వెదుళ్ళ వైపు చూపించాను.

"ఇయి పెళ్ళి పందిరివేనా తాతా?"

ఆయన బీడీ ఆర్పి, లేచి వెళ్ళి, ఆ బంతిపువ్వు ముడిలోంచి తీసి పక్కన పెట్టాడు.

"పందిరివేనమ్మా. ముత్తయిదువ పందిరి. పట్టికెల్లు."

తనే కత్తితో వాటిని నేను మోయగలిగినంత పొడుగుకు నరికాడు. మధ్యలో నాలుగు మంచి దుంగ ముక్కలు కూడా పెట్టి, కొబ్బరితాడుతో మోపు కట్టి, నెత్తికెత్తాడు. పైన గోనెపట్టా కప్పాడు. తలుపు దాకా వచ్చి, తిన్నగా ఇంటికెళ్ళు, దారిలో ఎవరింటికీ వెళ్ళకు అన్నాడు. ఆ మాటెందుకన్నాడో నేనాలోచించలేదు. వానలో ఆ మోపు మోస్తూ నడుస్తుంటే నా అంత ప్రయోజకురాలు ఆ ఊళ్ళో లేదనిపించింది.

ఇంటి ముందు మోపు దించి నాయనమ్మను కేకేశాను. ఆమె కుంటుకుంటూ వచ్చి గోనెపట్టా తీసింది. అలవాటు ప్రకారం ఒక వెదురు ముక్క చేతిలోకి తీసుకుని, గాడి మీద వేలు పెట్టింది. అంతే, ఆ వేలు అక్కడే ఉండిపోయింది. ఎక్కడివే ఇయ్యి అని అడిగింది. వంతెన, గోడ, రేకుల సావిడి, తాత, అన్నీ చెప్పాను. పెళ్ళి పందిరివట అని గొప్పగా చెప్పాను. ఆమె మోపు పక్కనే తడి నేల మీద కూర్చుండిపోయింది. లోపల అమ్మ పళ్ళు కొట్టుకుంటున్నాయి. నాయనమ్మ ఒకసారి అటు చూసింది, ఒకసారి మోపు వైపు చూసింది.

"పందిరి కట్టెలేనే. మంచియ్యి" అంది చివరికి.

లేచి చెంబుతో పసుపునీళ్ళు తెచ్చి మోపు మీద చల్లింది. మంచి కట్టెలకు పసుపెందుకో నాకు అర్థం కాలేదు. తర్వాత నన్ను వీధి కొళాయి కింద నిలబెట్టి, గౌను మీదే తలస్నానం చేయించింది. దుమ్ము అంది. వానలో తడిసి వచ్చినదాని మీద దుమ్మెక్కడుందో. ఆ తర్వాత తను కూడా ఆ చన్నీళ్ళే పోసుకుని, తడిచీరతోనే పొయ్యి వెలిగించింది. ఆ వెదురు టపటపా పేలుతూ మండింది. డేకిసా అలా కాగడం చూసి ఎన్ని రోజులైందో. అమ్మ తొట్టి దగ్గర కూర్చుంటే నాయనమ్మ చెంబులతో పోసింది. ఆవిరిలో అమ్మ ముఖం కనబడలేదు గానీ, మూలుగు ఆగింది. కుంపటి నిండా దుంగ నిప్పులు. ఆ సాయంత్రం తమ్ముడు మొదటిసారి ఏడవకుండా పడుకున్నాడు.

మర్నాడు సావిడికి వెళ్ళబోతే నాయనమ్మ ఆపింది.

"ఆ పక్కకి ఇంక నువ్వు ఎల్లకు. నాను ఎల్తాను."

వాచిన మోకాలితో ఆమె వెళ్ళింది. తెల్లవారుతూనే వెళ్ళి, లైను లేచేసరికి మోపుతో వచ్చేది. రాగానే మోపు చూరు కింద పడేసి, నేరుగా కొళాయి దగ్గరికి వెళ్ళి, చీర మీదే నెత్తి నుంచి చన్నీళ్ళు. ఒక చెంబు కాదు, ఒళ్ళంతా వణికేదాకా. పైన వాన పడుతూనే ఉండేది. నేనప్పటికి పొయ్యి రాజేసి, డేకిసా కింద మంట ఎగదోస్తూ ఉండేదాన్ని. పొగలు కక్కే నీళ్ళు చేతికందేంత దూరంలో ఉండగా ఆమె అలా చన్నీళ్ళలో ఎందుకు వణుకుతోందో నాకు అర్థమయ్యేది కాదు. ఒకరోజు చెంబు ముంచి తీసుకెళ్ళాను. దగ్గరికి రావద్దని ఎంత గట్టిగా కసిరిందంటే చెంబు జారి నా పాదం కాలింది. చన్నీళ్ళు అయ్యాక వచ్చి నా పాదానికి వెన్న రాసింది గానీ ఒక్క మాట చెప్పలేదు.

అదే వారంలో ఇంకోటి జరిగింది. నీళ్ళ పొయ్యిలో నిప్పులు ఎర్రగా ఉంటే నా పాత అలవాటు కొద్దీ చిలగడదుంప కప్పెట్టాను. కాలి, తీపి వాసన వస్తోంది. తొక్క ఒలిచి నోటి దగ్గర పెట్టుకున్నాను. నాయనమ్మ ఎక్కడి నుంచి చూసిందో, వచ్చి నా చేతి మీద కొట్టింది. దుంప తీసి కాలవలో విసిరేసింది. ఆ నిప్పు మీద తినేది ఏదీ పెట్టకూడదంది. అంతకు ముందు ఆమె నన్ను కొట్టింది లేదు. మా అన్నం మాత్రం పక్క పొయ్యి మీద తడి పేడపిడకలతో, కళ్ళమ్మట నీళ్ళు కారుతూ వండేది. ఇంత మంచి నిప్పు పెట్టుకుని అంత అవస్థ దేనికని నేను మనసులో తిట్టుకున్నాను. ముసలితనంతో చాదస్తం ముదిరిందనుకున్నాను. ఆ కోపంతో కొన్నాళ్ళు ఆమె పక్కన పడుకోలేదు కూడా.

అమ్మ బతికింది. పదకొండో రోజుకు లేచి గుమ్మం దాకా నడిచింది, ఇరవయ్యో రోజుకు మా మీద అరవడం మొదలుపెట్టింది. నాన్న అప్పుడు ధైర్యం తెచ్చుకుని అన్నం తిన్నాడు. నాయనమ్మకు మాత్రం దగ్గు పట్టుకుంది. వానలు వెళ్ళాయి, చలికాలం వచ్చింది, దగ్గు పోలేదు. తర్వాత చాలా ఏళ్ళు బతికింది గానీ ఆ దగ్గుతోనే బతికింది. అమ్మ మాత్రం లైనులో ఎవరికి పురుడొచ్చినా తన కథ చెప్పేది.

"నాకు పెళ్ళి పందిరి కట్టెల్తో నీలు పోసినారు. ఆ బాగ్గెం ఎవులికి దొరుకుతాది" అనేది.

నాయనమ్మ వింటూ దగ్గేది. నేను పక్కన కూర్చుని, వాటిని తెచ్చింది నేనే అని గుర్తు చేసేదాన్ని. అప్పుడామె నా వైపు ఒక చూపు చూసేది. నేను దాన్ని మెచ్చుకోలు అనుకునేదాన్ని.

నాయనమ్మ పోయేనాటికి నాకు పెళ్ళయింది. మా లైనులో ఎవరైనా పోతే పిల్లల్ని గదిలో పెట్టి తలుపు వేసేవారు. ముంగిట్లో ఏం జరిగేదో మాకు తెలిసేది కాదు. మోసుకెళ్ళాక నీళ్ళు చల్లిన నేల మాత్రం చూసేవాళ్ళం. ఇక కాటికి ఆడవాళ్ళు ఏ వయసులోనూ వెళ్ళరు. అది ఎటు ఉందో కూడా మాకు ఎవరూ చెప్పలేదు. పెళ్ళయినదాన్ని కాబట్టి ఆ రోజు నన్నెవరూ లోపలికి పంపలేదు. గుమ్మంలో నిలబడి చూశాను. ఇద్దరు మనుషులు ముంగిట్లో కూర్చుని రెండు పొడుగాటి వెదుళ్ళకు వరసగా గాళ్ళు చెక్కారు. గాళ్ళలో పొట్టి ముక్కలు అమర్చారు. కొబ్బరితాడు అడ్డంగా నిలువుగా లాగి ముళ్ళు వేశారు. పాడె కట్టడమంటే అదని నాకు తెలిసింది అప్పుడే.

 నేను మోసుకొచ్చినది పందిరి కాదు. ముత్తయిదువగా పోయిన ఏ ఇంటి తల్లినో పసుపు కుంకాలతో సాగనంపిన పాడె అది. ఆ ముసలాయన కాటికాపరి. ఆ దుంగ ముక్కలు చితి పేర్చగా మిగిలినవి. గాడి మీద వేలు పెట్టిన క్షణంలోనే నాయనమ్మకు అంతా తెలిసిపోయింది. తెలిసి, పురిటి గదిలోకి ఆ నిప్పు తీసుకెళ్ళింది. అలాంటిది చేసిన దోషం ఎవరికైనా తగిలితే తనకే తగలాలని, నన్ను ఆపి తను వెళ్ళింది. ఆడవాళ్ళు అడుగుపెట్టని చోటికి ఆ ముసలి ప్రాణం రోజూ కుంటుకుంటూ వెళ్ళింది. ఆ మైల పసిబిడ్డకు అంటకూడదని చన్నీళ్ళు కుమ్మరించుకుంది. దాని గురించి కొడుక్కు చెప్పలేదు, కోడలికి చెప్పలేదు, అపార్థం చేసుకుని ముఖం తిప్పుకున్న నాకూ చెప్పలేదు.

పక్కనే మూడు రాళ్ళ మీద కొత్తకుండలో నీళ్ళు కాగుతున్నాయి, ఆమెకు ఆఖరి స్నానం చేయించడానికి. నాకు తెలిసి మా నాయనమ్మ కోసం ఎవరైనా నీళ్ళు కాచడం అదే మొదలు. ఆ మంట దగ్గర కూర్చున్న పిన్నమ్మను లేవమని, నేనే కూర్చుని ఎగదోశాను. నా కళ్ళు పొగకే కారుతున్నాయని అందరూ అనుకున్నారు. అమ్మ పక్కకొచ్చి భుజం మీద చెయ్యి వేసింది. చెబుదామని నోటిదాకా వచ్చింది. చెప్పలేదు. ఆ తర్వాత అమ్మ బతికినన్నాళ్ళూ పందిరి కట్టెల కథ చెబుతూనే ఉంది, నేను ఊ కొడుతూనే ఉన్నాను.

ఇప్పుడు ఆ లైను లేదు, మిల్లు లేదు. నది మీద తెప్పలు చూసి ఎన్నేళ్ళయిందో. ఆ గోడా సావిడీ ఉన్న చోట ఏముందో నేను వెతకలేదు, వెతికే ఓపికా లేదు. తమ్ముడు కూడా పోయాడు. పందిరి కట్టెల సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. ఈ పొద్దున ప్యాలెట్టు చెక్క గాడి మీద వేలు పెట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో, లోపలి నుంచి మా అమ్మాయి రెండుసార్లు పిలిచిందట. నడుం నొప్పి అలాగే ఉంది. అయినా చాలించాలన్న మాట ఎత్తలేదు. మేకులు లాగేసి చెక్క చీల్చి పొయ్యిలో పెట్టాను.

నీళ్ళు కాగాయి. మనవరాలికి నేనే పోశాను. అది గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంది. వాళ్ళ అమ్మ వచ్చి జుట్టుకు సాంబ్రాణి పొగ వేసింది. డేకిసాలో అడుగున ఇంకా నీళ్ళు ఉన్నాయి. బిడ్డ బట్టలు తడపడానికి ఉంచుదామని మూత పెట్టబోతే, మనవరాలు తుడుచుకుంటూ వెనక్కి తిరిగింది. దానికి తెలుగు అర్థమవుతుంది గానీ మాట్లాడమంటే తడుముకుంటుంది.

"అమ్మమ్మా, వేడినీలు ఉంది. నువ్వు పోయ్."

వద్దన్నాను. బాలింతవి నువ్వు, నాకెందుకన్నాను. అది వినలేదు. తొమ్మిది రోజుల బాలింత నన్ను చెయ్యి పట్టుకుని పీట మీద కూర్చోబెట్టి, తనే చెంబు ముంచింది. మొదటి చెంబు నడుం మీద పడింది. సరిగ్గా అప్పుడే వీధి మొత్తం "మీలాబీ" అని అరిచింది. కుక్కర్ తగిలించడానికి మా అమ్మాయి పరిగెత్తింది. నేను కదలకుండా రెండో చెంబుకు తల వంచాను. మా నాయనమ్మ నెత్తిన పడాల్సిన వేడినీళ్ళు ఇన్నేళ్ళకు నా నెత్తిన పడుతున్నాయి. చాలనడానికి నాకు నోరు రాలేదు.